ఉప్పు వేస్తే అతుక్కున్నాయి, ఉప్పు వేస్తే విడిపోయాయి: బంగారు నానో కణాల ల్యాబ్ డైరీ, కావలి

డిగ్రీ కాలేజీ ల్యాబులో ఫైనలియర్ పిల్లలతో కలిసి చేస్తున్న పనికి ఇది రికార్డు. నీళ్లలో తేలే బంగారు నానో కణాలు ఎప్పుడు విడివిడిగా ఉంటాయి, ఎప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ పట్టును మనం ఎంతవరకు అదుపు చేయగలం అన్నదే విషయం. కణం ఆవేశాన్ని కొలిచే జీటా మీటరు లేదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. హాట్‌ప్లేట్, పీహెచ్ మీటరు, టీడీఎస్ పెన్ను, సొంతంగా కట్టుకున్న రంగు పెట్టె, బీరువాలో పడి ఉన్న, 'యు' అక్షరంలా వంచిన ఒక గాజు గొట్టం (యూ ట్యూబు) ఉన్నాయి. ఇవే పరికరాలున్న ఇంకో కాలేజీ వాళ్లు ఇది చూసి నేరుగా చేసుకోగలిగేలా కొలతలన్నీ రాస్తున్నాను.

అన్నిటికన్నా ఖరీదైంది గోల్డ్ క్లోరైడ్. 1 గ్రాము సీసాను తూచకుండా మొత్తం ఒకేసారి 100 మి.లీ. నీళ్లలో కలిపేశాం. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, కొంచెం కొంచెం తూచే కొద్దీ తూకం మారిపోతుంది. స్టీలు స్పూను తగలనివ్వకూడదు, లోహం తగిలితే బంగారం అక్కడే బయటపడుతుంది. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచాం. ఈ 100 మి.లీ.ను ఇకపై గోల్డ్ స్టాక్ అంటాను, దశల చివర దాని లెక్క చెబుతాను.

దశ 1: నీళ్లు, గాజు

మొదటి బ్యాచ్‌లు ఎర్రగా రాలేదు. ఒకటి ఊదాగా, ఒకటి బూడిదగా వచ్చింది. ఫ్లాస్కు గోడలకు పల్చటి ఊదా పొర అంటుకుంది. మా ల్యాబ్ అటెండర్ వెలుతురుకు పెట్టి చూసి, "ఏంది సార్, నేరేడు పండు పిసికినట్టుండాదే" అన్నాడు.

కారణాలు రెండు. ఒకటి నీళ్లు. టీడీఎస్ పెన్ను పెడితే బోరు నీళ్లు 1,380, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు 85, ల్యాబులో కాచి దించిన డిస్టిల్డ్ నీళ్లు 2 చూపించాయి. ఆ బ్యాచ్‌లకు క్యాన్ నీళ్లు వాడాం. తాగడానికి అవి బాగానే ఉంటాయి గానీ, అందులో మిగిలే కాల్షియం, మెగ్నీషియం ఈ పనికి చాలా ఎక్కువ.

రెండోది గాజు. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన ఫ్లాస్కుకు లోపల కంటికి ఆనని తెల్లటి పొర ఉంటుంది. కావలిలో నీళ్లు కాచే గిన్నె అడుగు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బంగారం నీళ్లలో గింజ కట్టడం మాని ఆ పొర మీద గింజ కడుతుంది.

మార్చినవి:

1. నీళ్లు: టీడీఎస్ 3 దాటితే వాడం.
2. గాజు: ఆక్వా రీజియా. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్. ఫ్యూమ్ హుడ్ లోపలే, గ్లవ్స్, కళ్లద్దాలతో. మిగిలింది సీసాలో పోసి మూత బిగించకూడదు, లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది. ఈ పని పిల్లల చేతికి ఇవ్వం.
3. ఆ తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో ఐదారుసార్లు తొలిచి, బోర్లించి ఆరబెట్టడం. గుడ్డతో తుడవడం లేదు.

దశ 2: ఎర్ర ద్రావణం

పద్ధతి పాతదే. 1951లో టర్కెవిచ్ చేసింది, 1973లో ఫ్రెన్స్ సిట్రేట్ పాళ్లు మార్చి కణం సైజు మార్చొచ్చని చూపించాడు. మా కొలతలు:

1. డిస్టిల్డ్ నీళ్లు 99 మి.లీ., గోల్డ్ స్టాక్ 1 మి.లీ. మూత పెట్టి, కలియతిప్పుతూ మరగనివ్వాలి.
2. బాగా మరుగుతున్నప్పుడు 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 3 మి.లీ. ఒక్కసారిగా పోయాలి. చుక్కచుక్కగా వద్దు.
3. పసుపు పోయి రంగులేని నీరు, తర్వాత నల్లటి బూడిద, ఊదా, చివరికి మాణిక్యం ఎరుపు. రంగు నిలిచాక ఇంకో పది నిమిషాలు మరగాలి.
4. చల్లారాక, ఆవిరైన మేరకు నీళ్లు కలిపి 100 మి.లీ. చేయాలి.

మధ్యలో కరెంటు పోయిన బ్యాచ్ ఎర్రగానే వచ్చింది కానీ పక్కనుంచి చూస్తే మసక. కణాలు పెద్దవై, రకరకాల సైజులు కలిసిపోయాయి. దాన్ని పారబోయలేదు, పెట్టె సరిచూసుకోవడానికి పనికొచ్చింది.

ఈ పాళ్లకు కణం 15 నానోమీటర్ల దగ్గర ఉంటుంది (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు). అలా అనుకుని లెక్కేస్తే మి.లీ.కి సుమారు లక్షన్నర కోట్ల కణాలు. వినడానికి కిక్కిరిసినట్టుంది గానీ, పక్కపక్క కణాల మధ్య సగటు దూరం 870 నానోమీటర్లు వస్తుంది. అంటే కణం వెడల్పుకు యాభై రెట్లకు పైగా ఖాళీ. కాబట్టి ఇవి నిలకడగా ఉన్నది దూరదూరంగా ఉండడం వల్ల కాదు. తిరుగుతూ తిరుగుతూ క్షణక్షణం ఢీకొనబోతూనే ఉంటాయి, ప్రతిసారీ కణాలకు అంటుకుని ఉన్న సిట్రేట్ రుణావేశం వెనక్కి నెడుతుంది.

స్టాక్ లెక్క: పాడైనవాటికి 6, పనికొచ్చినవాటికి 5. వాడింది 11 మి.లీ., మిగిలింది 89. చేతిలో ఎర్ర ద్రావణం 500 మి.లీ.

దశ 3: రంగు పెట్టె

విడి కణాలు 520 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతాయి, అందుకే ఎరుపు. దగ్గరికి చేరితే ఆ మింగుడు ఎరుపు కాంతి వైపు జరుగుతుంది, ద్రావణం నీలంగా కనిపిస్తుంది. కాబట్టి రెండు రంగుల దగ్గర కొలిస్తే చాలు.

కరెంటు వైరింగుకు వాడే ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు, లోపల మ్యాట్ నలుపు రంగు. ఒక పక్క 525, 630 నానోమీటర్ల ఎల్‌ఈడీలు, ఎదురుగా బీహెచ్1750 లైట్ సెన్సర్, మధ్యలో 1 సెం.మీ. క్యూవెట్ (ద్రావణం పోసే చదరపు గొట్టం) కూర్చునే గాడి. ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు రీడింగ్ చూపిస్తుంది. మంచినీటి రీడింగును ద్రావణం రీడింగుతో భాగించి లాగరిథం తీస్తే శోషణ, అంటే ద్రావణం ఎంత కాంతిని మింగిందన్న అంకె, వస్తుంది. 630 శోషణను 525 శోషణతో భాగించిన అంకెను ఇకపై 'నీలం అంకె' అంటాను.

ఇబ్బంది పెట్టినవి: ఎల్‌ఈడీ వెలిగించిన మొదటి పది నిమిషాలు వెలుతురు జారుతూ ఉంటుంది, వేడెక్కాకే కొలవాలి. మూత అంచు నుంచి కిటికీ వెలుతురు దూరింది, నల్ల ఫోమ్ అతికించాం. క్యూవెట్‌ను తిప్పి పెడితే రీడింగ్ మారింది, ఒక మూలన మార్కర్‌తో గుర్తు పెట్టాం. ద్రావణాన్ని మొత్తం, ముప్పావు, సగం, పావు పలచన చేసి కొలిస్తే 525 దగ్గర 0.88, 0.66, 0.45, 0.23 వచ్చాయి. దాదాపు సరళరేఖ. ఈ పనికి చాలు.

తాజా ఎర్ర ద్రావణానికి నీలం అంకె 0.16. పూర్తిగా నీలమైనదానికి 0.9 పైన.

దశ 4: ఉప్పులు

బంగారు ద్రావణానికి ఉప్పు తగిలితే ఎరుపు నీలమవుతుందని ఫారడే 1857లోనే రాశాడు. ఆయన చేసిన ద్రావణాల సీసాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంకా ఉన్నాయి. కనుక ఇందులో కొత్త ఏమీ లేదు. మాకు కావలసింది అంకెలు.

ముందు పిల్లలు గాఢమైన ఉప్పునీళ్లు చుక్కలుగా వేశారు. అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. చుక్క పడ్డచోట ఒక్క క్షణం ఉప్పు విపరీతంగా ఉంటుంది, అక్కడి కణాలు అతుక్కుపోతాయి, తర్వాత కలిపినా విడిపోవు. పద్ధతి ఇలా మార్చాం:

1. కావలసినదానికి రెట్టింపు గాఢతలో ఉప్పునీళ్లు 1.5 మి.లీ. క్యూవెట్‌లో.
2. ఎర్ర ద్రావణం 1.5 మి.లీ. పిపెట్‌తో ఒక్క తోపున.
3. మూత పెట్టి మూడుసార్లు తలకిందులు చేయడం.
4. సరిగ్గా పది నిమిషాలకు రీడింగ్.

ఈ పద్ధతిలో వచ్చిన నీలం అంకెలు, చివరి గాఢత మిల్లీమోలార్లలో (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీమోలార్):

సోడియం క్లోరైడ్: 10 దగ్గర 0.16, 20 దగ్గర 0.17, 30 దగ్గర 0.24, 40 దగ్గర 0.47, 50 దగ్గర 0.78, 60 దగ్గర 0.91.

మెగ్నీషియం క్లోరైడ్: 0.5 దగ్గర 0.17, 1 దగ్గర 0.21, 1.5 దగ్గర 0.45, 2 దగ్గర 0.83.

కాల్షియం క్లోరైడ్: 1 దగ్గర 0.35, 1.5 దగ్గర 0.80.

సోడియం సల్ఫేట్: 20 దగ్గర 0.50.

నీలం అంకె 0.5 దాటే చోటును గీత అనుకున్నాం. సోడియంకు అది 41, మెగ్నీషియంకు 1.6. ఇరవై ఆరు రెట్ల తేడా. షుల్జ్-హార్డీ నియమం చెప్పేది ఇదే: అయాన్ మీద ఆవేశం పెరిగితే కణాలను కూలదోసే (అవక్షేపించే) శక్తి బాగా పెరుగుతుందని. ఎంత బాగా అంటే, డెర్యాగిన్, లాండౌ, వెర్వే, ఓవర్‌బీక్ పేర్ల మీద ఉన్న సిద్ధాంతంలో, కణం మీద ఆవేశం దండిగా ఉంటే ఆరో ఘాతం, అంటే రెండు ఆవేశాల అయాన్‌కు 64 రెట్లు. ఆవేశం తక్కువైతే రెండో ఘాతానికి దిగుతుంది, 4 రెట్లు. మా 26 మధ్యలో పడింది. సిట్రేట్ కణాలకు అది సబబుగానే ఉంది.

సోడియం సల్ఫేట్ వరుసను పిల్లలు పట్టించుకోలేదు గానీ, నాకు నచ్చింది అదే. సల్ఫేట్ మీద రెండు రుణావేశాలు ఉన్నా, 20 మిల్లీమోలార్ సోడియం సల్ఫేట్ 40 మిల్లీమోలార్ మామూలు ఉప్పులాగే ప్రవర్తించింది. అందులో సోడియం 40 ఉంది మరి. మన కణం రుణం కాబట్టి, దాని చుట్టూ చేరే ధన అయాన్‌దే పెత్తనం.

పటిక కూడా వేశాం. మూడు ఆవేశాల అల్యూమినియంకు ఆరో ఘాతం లెక్కన 0.06 మిల్లీమోలార్ చాలాలి. ఎరుపు 0.3 దాకా ఆగింది. సిట్రేట్ అల్యూమినియంను పట్టుకుని తనలో కలుపుకుంటుంది, పైగా అల్యూమినియం నీళ్లతో చర్య జరిపి రూపం మార్చుకుంటుంది. ఈ ఏర్పాటులో పటికతో నియమాన్ని పరీక్షించడం దండగ.

ఇక సముద్రం. తుమ్మలపెంట బీచి నుంచి నీళ్లు తెచ్చి వడకట్టి వాడాం. అందులో సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉందనుకుంటే ఎర్ర ద్రావణం దాదాపు 8 శాతం సముద్రపు నీటిని తట్టుకోవాలి. 2 శాతం దాటగానే నీలమైంది. సముద్రపు నీటిలో లీటరుకు 50 మిల్లీమోల్‌ల పైచిలుకు మెగ్నీషియం, 10 దాకా కాల్షియం ఉంటాయి. ఉప్పు ఎంత అని కాకుండా, అందులో రెండు ఆవేశాలవి ఎన్ని అని లెక్కేస్తే 2 శాతం సరిగ్గా సరిపోయింది.

ఇదే ఇంకా ఘాటుగా చూడాలని ఇస్కపల్లి ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లు అడిగాం. అక్కడి పెద్దాయన, "ఎందుకు సార్ ఆ నీళ్లు? గొడ్లు కూడా ముట్టవు" అన్నాడు. సోడియం చాలావరకు ఉప్పుగా పేరుకున్నాక మెగ్నీషియం అంతా అందులోనే మిగులుతుంది. దాదాపు వెయ్యి రెట్లు పలచన చేసినా ఎరుపు నిలవలేదు.

పక్కన రాసుకోవలసిన అంకె డెబై దూరం. ఆవేశం ప్రభావం కణం నుంచి ఎంత దూరం పారుతుందో అది చెబుతుంది. మామూలు ఉప్పుకు, గది వేడిమి దగ్గర, 0.304ను మోలార్ గాఢత వర్గమూలంతో భాగిస్తే నానోమీటర్లలో వస్తుంది. 1 మిల్లీమోలార్‌కు 9.6, 10కి 3, 100కి 1. మా ఎర్ర ద్రావణంలో ఉప్పు వేయకముందే సిట్రేట్ వల్ల అది 4 దగ్గర ఉంది. గీత దగ్గర, 41 మిల్లీమోలార్‌కు, 1.5. కణాలు అంత దగ్గరికి రానిస్తే బంగారానికీ బంగారానికీ మధ్య ఉండే వాన్‌డర్ వాల్స్ ఆకర్షణ గెలుస్తుంది. ఉప్పు ఇక్కడ జిగురు కాదు, మధ్యనున్న అడ్డును సన్నబరుస్తుంది, అంతే.

ఎర్ర ద్రావణం: వాడింది 280 మి.లీ., మిగిలింది 220. స్టాక్ ముట్టలేదు.

దశ 5: యూ ట్యూబు

కణం ధనమా రుణమా తెలియకుండా ముందుకు పోలేం. పాత పద్ధతే: యూ ట్యూబులో అడుగున ఎర్ర ద్రావణం, పైన రెండు వైపులా రంగులేని నీరు, పై కొసల్లో పాత టార్చి సెల్లుల నుంచి తీసిన కార్బన్ కడ్డీలు, 30 వోల్టులు.

పైన ఒట్టి డిస్టిల్డ్ నీళ్లు పోస్తే సరిహద్దు చెదిరిపోయింది. రెండింటి విద్యుత్ వాహకత వేరుగా ఉంటే క్షేత్రం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. పైనీటిలో చిటికెడు సిట్రేట్ కలిపి, టీడీఎస్ పెన్ను రెండింటికీ ఒకే అంకె చూపించేదాకా సరిచేశాం. ఫ్యాను కట్టేశాం, అసలే రోహిణి కార్తె, పిల్లలు తిట్టుకున్నారు. గొట్టం ఒక పక్క వేడెక్కినా లోపల నీరు కదిలి గీత వంగిపోతుంది.

కడ్డీల మధ్య దూరం 20 సెం.మీ. గంటకు ఎర్రగీత ధన కొస వైపు 15 మి.మీ. జరిగింది. మీటరుకు 150 వోల్టుల క్షేత్రంలో సెకనుకు 4.2 మైక్రోమీటర్లు. భాగిస్తే ఒక వోల్టు/మీటరుకు సెకనుకు 0.028 మైక్రోమీటర్. దీన్ని జీటా పొటెన్షియల్‌గా, అంటే కణం అంచు దగ్గరి వోల్టేజీగా, మార్చలేదు. కణం వ్యాసార్థం, డెబై దూరం దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు అందరూ వాడే స్మొలుకోవ్‌స్కీ సూత్రం సరిపోదు. గుర్తు, వేగం తెలిస్తే మాకు చాలు.

ఎర్ర ద్రావణం మిగిలింది 160 మి.లీ.

దశ 6: ధనావేశ కణాలు, రొయ్య పెంకు నుంచి

ఒకే ఆవేశం ఉన్న కణాలను ఉప్పుతో కూలదోయడం సులువే, కానీ అది పేర్చడం కాదు. ధన, రుణ కణాలు కలిస్తే అవే ఎంచుకుని పేర్చుకుంటాయా అన్నది అసలు ప్రశ్న. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో గ్రిబోవ్‌స్కీ బృందం 2006లో ఇలాంటి బంగారు, వెండి కణాలతో వజ్రం అమరికను పోలిన స్ఫటికాలు చేసింది. వాళ్లు వాడిన థయోల్ రసాయనాలు (బంగారాన్ని పట్టుకునే గంధకం ఉన్నవి) మాకు అందుబాటులో లేవు. నెల్లూరు జిల్లాలో చౌకగా దొరికే ధనావేశ పదార్థం కైటోసాన్. రొయ్య పెంకులోని కైటిన్ నుంచి చేస్తారు. దాని అమైన్ గుంపులు పీహెచ్ 6 కన్నా తక్కువలో చాలావరకు ధనంగా ఉంటాయి.

వనామి రొయ్య పెంకులు తెచ్చి సొంతంగా చేయబోయాం. హైడ్రోక్లోరిక్‌లో సున్నం పోయింది, పల్చటి కాస్టిక్ సోడాలో మాంసకృత్తులు పోయాయి, గాఢ కాస్టిక్‌లో కాచాం. చూడ్డానికి తెల్లటి రేకులు, బాగానే ఉన్నాయి. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో వేస్తే ఉబ్బాయి తప్ప కరగలేదు. ఎసిటైల్ గుంపులు ఇంకా చాలా మిగిలాయన్నమాట. అవి పోతేనే అమైన్, అమైన్ ఉంటేనే ఆవేశం. గంటల తరబడి కాస్టిక్ కాచే పని ల్యాబులో కొనసాగించడం ప్రమాదమని ఆపేసి, 85 శాతం డీఎసిటైలేషన్ ఉన్న (అంత మేరకు ఎసిటైల్ గుంపులు తీసేసిన) పొడి కొన్నాం. పెంకుల కంపు మాత్రం ల్యాబును వదలడానికి చాన్నాళ్లు పట్టింది.

1. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.1 శాతం కైటోసాన్, రాత్రంతా కలియతిప్పి, పల్చటి నైలాన్ గుడ్డలో వడకట్టాలి. ఫిల్టర్ పేపరు మూసుకుపోతుంది.
2. 50 మి.లీ.కి గోల్డ్ స్టాక్ 0.5 మి.లీ.
3. 90 డిగ్రీల పైన, మరగకుండా. సిట్రేట్ అక్కర్లేదు, కైటోసానే బంగారాన్ని క్షయకరించి లోహంగా మారుస్తుంది, తానే చుట్టుకుంటుంది.
4. ఎరుపు మెల్లగా వస్తుంది. తొందరపడి మరిగిస్తే ఊదా.

యూ ట్యూబులో గీత రుణ కొస వైపు గంటకు 11 మి.మీ. జరిగింది. ధనమే.

స్టాక్ లెక్క: ఈ దశలో పాడైంది 3, మంచిది 5. మొత్తం వాడింది 19, మిగిలింది 81. ధన ద్రావణం 500 మి.లీ.

దశ 7: తుమ్మ బంక, సెంట్రిఫ్యూజ్

సిట్రేట్ కణాలనూ కైటోసాన్ కణాలనూ నేరుగా కలిపితే ఏ పాళ్లలోనైనా ముద్దే. ఉప్పు మార్చి చూద్దామంటే, 30 మిల్లీమోలార్ దాటితే సిట్రేట్ కణాలు వాటంతటవే కూలిపోతాయి. అప్పుడు ఏది ధన-రుణ ఆకర్షణ, ఏది వాన్‌డర్ వాల్స్ అని విడదీసి చెప్పలేం. రుణ కణానికి ఉప్పు తట్టుకునే కోటు కావాలి.

ఇంటర్‌లో కంఠతా పట్టిన గోల్డ్ నంబర్ ఇక్కడ పనికొచ్చింది. 1925 రసాయన నోబెల్ పొందిన జిగ్మాండీ కొలమానం అది: 10 మి.లీ. బంగారు ద్రావణాన్ని, 1 మి.లీ. 10 శాతం ఉప్పునీటి నుంచి కాపాడడానికి ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం కావాలి అని. జెలటిన్‌కు 0.005 నుంచి 0.01, గమ్ అరబిక్‌కు (తుమ్మ జాతి చెట్ల బంక) 0.15 నుంచి 0.25. జెలటిన్ మెరుగే, కానీ దాని ఆవేశం పీహెచ్‌తో గుర్తు మారుతుంది. గమ్ అరబిక్‌కు కార్బాక్సిల్ గుంపులుంటాయి, మేం పనిచేసే పీహెచ్ 5 దగ్గర రుణంగానే ఉంటుంది. పిల్లలు రోడ్డు పక్క తుమ్మల నుంచి బంక కొట్టుకొచ్చారు. కరిగిస్తే ముదురు గోధుమరంగు, రంగు పెట్టెకు పనికిరాదు. ల్యాబ్ సరుకే వాడాం.

కోటు వేశాక మిగులు బంకను తీసేయాలి. కైటోసాన్ వైపూ అంతే. నీళ్లలో విడిగా తిరిగే పాలిమర్ ముందే వెళ్లి ఎదుటి కణాలకు చుట్టుకుంటుంది. మనం కణాలు కలిపామనుకుంటాం, నిజానికి జిగుర్లు కలిపి ఉంటాం. మా 4,000 ఆర్‌పీఎం సెంట్రిఫ్యూజ్‌తో అయ్యే పని కాదు. అది ఇచ్చేది సుమారు 2,000 జీ, అంటే భూమ్యాకర్షణకు 2,000 రెట్లు. 15 నానోమీటర్ల బంగారు కణం అందులో గంటకు 18 మి.మీ. మాత్రమే దిగుతుంది, బంక కోటుతో ఇంకా తక్కువ. మోటారు వేడెక్కి వాసన వచ్చింది. దగ్గర్లోని ఒక ఫార్మసీ కాలేజీలో 12,000 జీ మెషీన్ మీద అరగంట చొప్పున రెండేసి సార్లు తిప్పించుకున్నాం. రెండింటినీ పీహెచ్ 5, 5 మిల్లీమోలార్ ఎసిటేట్ బఫర్‌లోకి (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) మార్చి, 525 శోషణ 0.78 వచ్చేలా సరిచేశాం.

పరీక్ష: బంక కోటు కణాలు 200 మిల్లీమోలార్ ఉప్పులో రాత్రంతా ఉన్నా నీలం అంకె 0.17. యూ ట్యూబులో ధన కొస వైపు గంటకు 8 మి.మీ. వేగం తగ్గింది, గుర్తు మారలేదు.

స్టాక్ లెక్క: కొత్త ఎర్ర ద్రావణానికి 5. మొత్తం వాడింది 24, మిగిలింది 76. కోటుకు 400 పోగా ఎర్ర ద్రావణం 260 మి.లీ.

దశ 8: కలపడం

ముందు పాళ్లు, ఉప్పు లేకుండా. రుణ:ధన పాళ్లు 8:2 నీలం అంకె 0.19, 7:3 0.22, 6:4 0.36, 5.5:4.5 0.62, 5:5 0.58, 4:6 0.27, 3:7 0.20.

ఆవేశాలు సరితూగే చోట మాత్రమే కూలుతుంది. అటూ ఇటూ ఎక్కువైతే, తక్కువగా ఉన్నదాన్ని ఎక్కువగా ఉన్నది చుట్టేసి, మొత్తం గుంపుకు ఒకే గుర్తు ఆవేశం వచ్చి ఆగిపోతుంది. 2006 నాటి కణాలు కూడా ఈ సమతూకం దగ్గరే అవక్షేపించాయి.

నీలం అంకె 0.62 దాటకపోవడం చూసి సగమే కలిశాయనుకోవద్దు. రెండు కోట్లు మధ్యలో ఉండగా బంగారం బంగారానికి మరీ దగ్గరికి రాలేదు, రంగు అంతగా జరగదు. పైగా ముద్దలు అడుక్కి దిగుతూ ఉంటాయి. అందుకే ఇక్కడి నుంచి కొలత మార్చాం: 10 మి.లీ. కోను ట్యూబులో రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీటి 525 శోషణ, అడుగున మడ్డి ఎత్తు.

5.5:4.5 పాళ్లలో, రెండు ద్రావణాల్లోనూ ముందే ఒకే గాఢతలో ఉప్పు కలిపి:

ఉప్పు లేదు: పైనీరు 0.05, మడ్డి 9 మి.మీ.
20 మిల్లీమోలార్: 0.06, 7 మి.మీ.
50: 0.14, 3 మి.మీ.
100: 0.39, సన్నటి పొర
200: 0.74, మడ్డి లేదు

దశ 4లో ఉప్పు ఎక్కువయ్యే కొద్దీ కణాలు అతుక్కున్నాయి. ఇక్కడ ఉప్పు ఎక్కువయ్యే కొద్దీ అతుక్కోవడం మానేశాయి. రెండుచోట్లా ఉప్పు చేసింది ఒకే పని: ఆవేశం చేయి చాచే దూరాన్ని కుదించింది. అక్కడ ఆ చేయి నెట్టేది, ఇక్కడ లాగేది.

50 దగ్గర మడ్డి 3 మి.మీ.కు కుంగడం చూసి పిల్లలు బంగారం తక్కువ దిగిందన్నారు. పైనీటి అంకె చూస్తే ఐదింట నాలుగు వంతులు దిగినట్టే, ఎత్తు మాత్రం ఉప్పు లేనిదానిలో మూడో వంతు. అంటే ముద్ద బిగువుగా ఉంది. ఉప్పు లేనప్పుడు ఆకర్షణ ఎంత గట్టిదంటే, తగిలిన కణం తగిలినచోటే ఉండిపోతుంది, సర్దుకునే వీలుండదు. కొమ్మలు కొమ్మలుగా, లోపలంతా ఖాళీతో పెరుగుతుంది. ఆకర్షణ కాస్త సడలితే కణం ఊడి, ఇంకోచోట కూర్చుని, లోపలి గుంటల్లోకి చేరుతుంది.

నిర్ధారణకు తిరగబెట్టాం. మడ్డి ఉన్న ట్యూబుల్లో ఉప్పును 200 మిల్లీమోలార్‌కు పెంచి, కలిపి, గంట ఆగి కొలిస్తే: ఉప్పు లేకుండా చేసిన మడ్డి 0.31 దాకా తిరిగి కరిగింది. 50లో చేసింది 0.66 దాకా. మొదటిదాంట్లో చాలా కణాలు ఇక విడిపోలేనంతగా చిక్కుకున్నాయి.

హెచ్చరిక: ఈ మడ్డి చుక్కను గాజు పలక మీద ఆరబెట్టి మైక్రోస్కోపులో చూడొద్దు. కనిపించే వలయాలు, చెట్లు ఆరడం వల్ల వచ్చినవి, ద్రావణంలో ఉన్నవి కావు. పిల్లల ఫోన్లలో అలాంటి ఫొటోలు బోలెడున్నాయి, రికార్డులో ఒక్కటీ పెట్టలేదు.

దశ 9: ఉప్పును మెల్లగా తీయడం

పైదాన్ని బట్టి ఇప్పుడు చేస్తున్నది ఇదీ:

1. రెండు ద్రావణాలూ 200 మిల్లీమోలార్ ఉప్పులో కలపాలి. ఏమీ జరగదు, ఎర్రగానే ఉంటుంది.
2. డయాలిసిస్ సంచిలో (ఉప్పును పోనిచ్చి కణాలను ఆపే పొర) పోసి, అదే ఉప్పు, అదే బఫర్ ఉన్న బీకరులో వేలాడదీయాలి.
3. బీకరులోకి ఉప్పులేని బఫర్ చుక్కలుగా దిగేలా సెలైన్ సెట్టు కట్టాలి, పొర్లింది పక్కకు పోవాలి.
4. పొర్లే నీటి టీడీఎస్ రాసుకుంటూ పోవాలి. అది పడిపోయే వేగమే మన చేతిలో ఉన్న మీట.

మొదట సెట్టు వేగం ఎక్కువై, తెల్లారేసరికి సంచిలో పొగలాంటి మడ్డి వచ్చింది, దశ 8లో ఉప్పు లేని ట్యూబుకు తేడా లేదు. చక్రం బిగించి, 100 నుంచి 40 మిల్లీమోలార్‌కు దిగడానికి రెండు రాత్రులు పట్టేలా చేశాక సంచి అడుగున నల్లటి చిన్న గింజలు చేరాయి. పైనీరు 0.09. కోను ట్యూబులోకి మారిస్తే ఎత్తు 2 మి.మీ. ఉప్పును 200కు పెంచి కదిపితే 0.67 దాకా ఎర్రగా తిరిగొచ్చింది.

గింజ లోపల ధన, రుణ కణాలు వరుసలో ఉన్నాయా, ఒత్తుగా కుక్కుకున్నాయా అన్నది రంగు పెట్టె చెప్పలేదు. దానికి స్మాల్ యాంగిల్ ఎక్స్-రే (కణాల అమరికను చూపించే పరీక్ష) కావాలి. మూడు ట్యూబులు, ఉప్పు లేనిది, 50ది, మెల్లగా దింపినది, మడ్డి దిగిన ద్రవంతో సహా పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి పంపడానికి సిద్ధం చేశాం. దారిలో ఆరిపోతే పనికిరావు కాబట్టి ట్యూబులు అంచుదాకా నింపాం. వాడేసిన బంగారు ద్రావణాలన్నీ ఒకే క్యాన్‌లో పోసి, ఉప్పు వేసి కూలదోసి దాస్తున్నాం, సింకులో పోయడం లేదు.

స్టాక్ లెక్క: వాడింది 24 మి.లీ., మిగిలింది 76. ఎర్ర ద్రావణం 260 మి.లీ., ధన ద్రావణం శుద్ధి చేసింది 120 మి.లీ.